ఎడమచేతి నాయిక

నవంబరు పదహారో తేదీ శనివారం, మధ్యాహ్నం ఆట విడిచిన తరువాత, ఉన్ని మిల్లు రఫ్ఫు గది ఆడవాళ్ళు ఆ కొత్త సినిమాకు వేసిన మార్కులు పదికి మూడు.

ఊరంతా నెత్తిన పెట్టుకున్న సినిమా అది. పాతకాలపు ప్రేమ నవల ఒకదాన్ని మూడోసారి తెర మీదికి తెచ్చారు. హాల్లోంచి జనం కళ్ళు తుడుచుకుంటూ వస్తూంటే, రఫ్ఫు గది వాళ్ళు మాత్రం మొహాలు గంటు పెట్టుకుని ఎదురుగా ఉన్న టీ కొట్టులోకి వెళ్ళి, రెండు బల్లలు దగ్గరికి జరుపుకుని కూర్చున్నారు. ఏ ప్రేమ నవల సినిమాగా వచ్చినా వాళ్ళు కలిసి చూస్తారు, కలిసే తీర్పు చెబుతారు. అందరిలోకీ చిన్నది ముందు చెప్పాలి. పెద్దవాళ్ళ మాట విని చిన్నవాళ్ళు వంత పాడకుండా పెట్టుకున్న కట్టుబాటు అది.

“ఎనిమిది,” అంది కొత్తగా చేరిన పిల్ల.

“ఎనిమిదా! ఏం చూసి వేశావే?”

“హీరో బావున్నాడక్కా.”

“వాణ్ణి నీకిచ్చి పెళ్ళి చెయ్యమన్నామా? నవలలో ఉన్నట్టు ఉందా లేదా, అది చెప్పు.”

“బాగా ఏడిచాను కూడా.”

“ఏడుపుకి మార్కుల్లేవమ్మా. ఉల్లిపాయ తరిగినా ఏడుస్తాం.”

ఇలా దబాయిస్తున్నావిడకు ఆ గదిలో రేడియో అని పేరు. పొద్దున్న మొదలైతే సాయంత్రం దాకా నోరు మూతపడదు. ఆవిడ అయిదు వేసింది. మిగిలినవాళ్ళు ఆరు, నాలుగు, ఆరు అంటూ పోయారు. చివరికి అందరి చూపులూ గోడవారగా కూర్చున్న మనిషి మీద నిలిచాయి. ఎడమచేత్తో సూది పడుతుంది కాబట్టి ఆమె ఎడమక్క. యాభై దాటింది. ఆ నవలలో ప్రతి మాటా ఆమెకు కంఠతా వచ్చునని గది నమ్మకం.

“నాయిక ఏ చేత్తో కుట్టింది?” అని అడిగింది ఎడమక్క.

“కుడిచేత్తో,” అంది కొత్తపిల్ల, నేరం తనదే అయినట్టు.

“మెట్ల దగ్గర మాట ఉందా?”

“లేదక్కా.”

“ఇంక చెప్పడానికేముంది? ఒకటి.”

ఆ ఒక్క మాటతో ఎనిమిది వేసిన పిల్లతో సహా అందరూ దిగొచ్చారు. బేరం మూడు దగ్గర తెగింది. పాత నలుపు తెలుపు సినిమాకూ, తరువాత వచ్చిన టీవీ సీరియలుకూ ఇదే గతి పట్టింది. రెండింటిలోనూ నాయిక కుడిచేత్తోనే కుట్టింది, రెండింటిలోనూ మెట్ల దగ్గర మాట లేదు.

ఈ పట్టుదల ఎక్కడిదో తెలియాలంటే పాతికేళ్ళు వెనక్కి వెళ్ళాలి. రఫ్ఫు గదికి మగ్గాల మీది నుంచి కోటు గుడ్డ వస్తుంది. తెగిన పోగునూ జారిన పోగునూ వేలికొసలతో వెతికి పట్టుకుని, సూదితో మళ్ళీ నేసినట్టు కలిపెయ్యడం అక్కడి పని. కలిపిన చోటు కలిపినవాళ్ళకు కూడా తిరిగి కనబడకూడదు. కబుర్లలో పడితే కళ్ళు గుడ్డ మీద నిలవవనీ, ఊరికే ఉండమంటే నిద్ర ముంచుకొస్తుందనీ మిల్లు యజమాని ఒక ఉపాయం ఆలోచించాడు. మధ్యాహ్నం పూట నవల చదివి వినిపించడానికి ఒక మనిషిని పెట్టాడు. అతన్ని అందరూ చదువరిగారు అనేవారు. సన్నగా ఉండేవాడు, చొక్కా చేతులు మణికట్టు దాకా గుండీలు పెట్టుకునేవాడు. పుస్తకం తెరవగానే మాత్రం ఆ సన్నటి మనిషిలోంచి గదినంతా నింపే గొంతు వచ్చేది.

కుడిచేతివాళ్ళకు వెలుతురు ఎడమవైపు నుంచి పడాలి, లేకపోతే సొంత చేతి నీడే గుడ్డ మీద పడుతుంది. అందుకని గదిలో పీటలన్నీ ఒకవైపుకు తిరిగి ఉండేవి. ఎడమక్క పీట ఒక్కటే ఎదురుదిక్కుకు వేసి ఉండేది. ఆ కారణంగా పదిమంది అతనికి వీపు చూపిస్తే, ఆమె ఒక్కతే అతని ముందు కూర్చునేది. కూర్చున్నదన్నమాటే గానీ తల ఎత్తింది లేదు. అతని బూట్లు తెలుసు, వాటి తాడు ముడులు తెలుసు. గొంతు ఇంటికి వెళ్ళినా వినిపించేది.

అతను చదివిన ఆ నవలలో ఏటి ఒడ్డున పల్లె ఒకటుంది. వంతెన దగ్గర సుంకం వసూలు చేసే గుమాస్తా, వైద్యుడి కూతురు, వాళ్ళిద్దరి కథ. ఆ పిల్ల కుట్టుపని చేసేది, అదీ ఎడమచేత్తో. మొదటిరోజు ఆ సంగతి విన్నప్పుడు ఎడమక్క చెవులు వేడెక్కాయి. “నీ కథేనే!” అని పక్కవాళ్ళు మేలమాడారు. అంత పెద్ద రచయిత నా చెయ్యి చూసి రాశాడా ఏమిటి అని ఆమె కొట్టిపారేసింది. కానీ లోపల్లోపల పొంగిపోయింది. చిన్నప్పటి నుంచీ అపశకునం అనిపించుకున్న చేతికి ఒక నవలలో చోటు దొరికింది.

ఒక శుక్రవారం మెట్ల ఘట్టం వచ్చింది. ఊరు విడిచి వెళ్ళబోయే గుమాస్తా, మెట్ల మీద కుట్టుకుంటున్న పిల్ల దగ్గర ఆగి అంటాడు: “తల ఎత్తకు. పని ఆపకు. నలుగురిలో నిన్ను ఇబ్బంది పెట్టడం నాకిష్టం లేదు. ఆదివారం పదింటికి గడియారస్తంభం కింద నిలబడతాను. సమ్మతమైతే రా. రాకపోతే మళ్ళీ అడగను.”

ఆ రోజు గదిలో ముక్కులు చీదని వాళ్ళు లేరు. తరువాతి నెలలో మిల్లు గోడకు లౌడ్‌స్పీకరు బిగించారు, పాటలు వచ్చాయి, చదువరిగారి ఉద్యోగం పోయింది. ఎడమక్క పెళ్ళి చేసుకోలేదు. వచ్చిన సంబంధాలకు ఏదో ఒక వంక పెట్టింది. ఆ వంకలన్నిటి వెనకా ఒక గొంతు ఉన్నదన్న సంగతి ఎవరితోనూ అనలేదు. నవలను అచ్చులో ఒక్కసారి కూడా తెరవలేదు. అక్షరాలు చూస్తే వాటి కింద ఆ గొంతు అణగిపోతుందేమోనని భయం. కొత్తగా చేరినవాళ్ళకు కథ నోటితో చెప్పేది. అలా గదిలో అందరూ ఆ నవలను చెవితోనే ఎరుగుదురు.

ఆదివారం నాడు ఆమె చెల్లెలి కూతురు వచ్చింది. బడిలో పాఠాలు చెబుతుంది, మాట పడే రకం కాదు.

“పెద్దమ్మా, మీరంతా కలిసి ఆ సినిమాని ఉతికి ఆరేశారట?”

“ఆరెయ్యరా మరి? ఎడమచేతి పిల్లని కుడిచేతిదాన్ని చేస్తే?”

“ఆ పిల్లది ఎడమచేతివాటమని నవలలో ఎక్కడుంది?”

“అడుగడుగునా ఉంది.”

“ఎక్కడా లేదు. పరీక్షకి చదివాను నేను.”

“నువ్వు పరీక్షకి చదివావు. నేను విన్నాను.”

“సరే, మెట్ల దగ్గర ఏమంటాడో చెప్పు.”

ఎడమక్క పొల్లుపోకుండా చెప్పింది. పిల్ల నవ్వబోయి, పెద్దమ్మ మొహం చూసి ఆగింది. “గడియారస్తంభమా? అది పల్లెటూరు పెద్దమ్మా. రేవు గంట కొడితే తప్ప టైము తెలియని ఊరు. గడియారస్తంభం మన ఊళ్ళో ఉంది, మీ మిల్లు ఎదురుగా.”

మంగళవారం ఆ పిల్ల లైబ్రరీ నుంచి నవల తెచ్చింది. కొత్త ముద్రణలో కత్తిరించారంటుందేమోనని పాత ముద్రణ కూడా తెచ్చింది. ఎడమక్క వంటింటి బల్ల దగ్గర కూర్చుని, గుడ్డలో తప్పు వెతికినట్టు వేలు పెట్టి ఒక్కొక్క వరుసే చదివింది. మెట్ల ఘట్టంలో గుమాస్తా వస్తాడు, మంచినీళ్ళు అడిగి తాగుతాడు, గ్లాసు తిరిగి ఇచ్చి వెళ్ళిపోతాడు. ఒక్క మాట కూడా అనడు. పాత పుస్తకంలోనూ అంతే. ఎడమచెయ్యి రెండింటిలోనూ లేదు.

ముందు ఒళ్ళు మండిపోయింది. పాపం, పుణ్యం తెలియని ముగ్గురు నటీమణులను తన మాట మీద గదిచేత తిట్టించింది కదా! ఆ తరువాత కోపం మెల్లగా దిగి, దాని కింద ఉన్నది పైకి వచ్చింది. లేని మాటను అతను చదివాడు. ఊళ్ళో ఉన్న స్తంభం పేరు పెట్టి చదివాడు. గదిలో ఎడమచెయ్యి ఒక్కటే. అతను అడిగింది తననేనా? అయితే పాతికేళ్ళుగా అతనికి జవాబు బాకీ ఉండిపోయింది. ఆ జవాబు ఇప్పుడు ఇవ్వడానికి ఏమైనా మిగిలి ఉందా?

బుధవారం గదిలో జరిగినది జరిగినట్టు చెప్పింది. ఆనాటివాళ్ళలో మిగిలింది తనూ రేడియో మాత్రమే. రేడియో చేతిలో గుడ్డ కిందికి జారింది.

“అమ్మ చదువరీ! ఎంత రఫ్ఫు చేశాడే! పొద్దస్తమానం అతుకులు తడిమి పట్టుకునేవాళ్ళం, ఒక్కళ్ళ వేలికీ తగల్లేదు.”

“నవ్వకు, నాకు ఏడుపొస్తోంది.”

“నవ్వట్లేదే. మేస్త్రీ దగ్గరికి పోదాం పద. ఆ రోజుల్లో గేటు తాళాలు ఆయన దగ్గరే ఉండేవి.”

రిటైరైన మేస్త్రీ గురువారం సాయంత్రం అరుగు మీద కూర్చుని, అడిగినదంతా విని, తల గోక్కున్నాడు.

“ఎందుకు గుర్తుండదమ్మా? ఆ ఆదివారం గేటు చూసుకోడానికి వచ్చాను. స్తంభం కింద ఇస్త్రీ చొక్కా వేసుకుని నుంచున్నాడు. ఏమయ్యా, బస్సు కోసమా అన్నాను. అవునన్నాడు. అక్కడ బస్సు ఆగదని పసిపిల్లకి కూడా తెలుసు. నేను ఇంటికెళ్ళి భోంచేసి వచ్చేసరికి కూడా అక్కడే ఉన్నాడు. వాన మొదలైంది. గొడుగు ఇస్తానంటే వద్దన్నాడు.”

రేడియోయే అడగవలసినవన్నీ అడిగింది. మిల్లు విడిచాక అతను బస్టాండులో బండ్ల రాకపోకలు మైకులో చెప్పే ఉద్యోగం చేశాడు. పెళ్ళి చేసుకున్నాడు. భార్య పోయి నాలుగేళ్ళు. డిపో వెనక వీధిలో ఒక్కడే ఉంటున్నాడు.

“వెళ్ళవే,” అంది రేడియో దారిలో.

“వెళ్ళి ఏమనాలి? పాతికేళ్ళు ఆలస్యమైందండీ అనా?”

“బస్టాండులో పనిచేసినవాడు. ఆలస్యం ఆయనకి కొత్తా?”

అయినా ఎడమక్క ఆ ఆదివారం వెళ్ళలేదు. కాలు గడప దాటలేదు. ఒక మనిషి సంసారం చేసి, భార్య పోయిన దుఃఖంలో ఉన్నాడు. ఇప్పుడు వెళ్ళి పాత వానను గుర్తుచేయడం ఏం మర్యాద? కానీ వెళ్ళకపోతే ఆయన దృష్టిలో తాను తెలిసి కాదన్న మనిషిగానే ఉండిపోతుంది. ఆ ఆలోచన మాత్రం ఆమెకు మింగుడుపడలేదు.

మరుసటి వారం, పని అయ్యాక, ఆమె డిపో వెనక వీధికి వెళ్ళింది. తలుపు తీసిన మనిషి జుట్టు తెల్లబడింది. చొక్కా చేతులు మణికట్టు దాకా గుండీలు పెట్టి ఉన్నాయి. ఆమె ఎవరో చెప్పకముందే ఆయన చూపు ఆమె ఎడమచేతి మీదికి వెళ్ళింది.

“రండి,” అన్నాడు. కుర్చీ మీది పత్రికలు తీసి, కూర్చోమని, తాను నిలబడే ఉన్నాడు.

“సినిమా చూశారా చదువరిగారూ?”

“లేదండీ. ఆ నవల మళ్ళీ ముట్టుకోలేదు.”

“నేను మొన్న చదివాను. మొదటిసారి.”

ఆయన గోడ మీద భార్య ఫొటో వైపు ఒకసారి చూశాడు.

“పుస్తకంలో అతను ఏమీ అనకుండా వెళ్ళిపోతాడు,” అన్నాడు చివరికి. “నాకూ అంతకంటే ధైర్యం లేదు. అందుకని అతని చేత చెప్పించాను. తప్పే.”

“నేను నవల అనుకున్నాను.”

“మీరు రాని ఆదివారం మర్నాడు చదువుతున్నంతసేపూ మిమ్మల్నే చూశాను. మీరు తల ఎత్తలేదు. అదే జవాబనుకున్నాను.”

“మీరే కదండీ తల ఎత్తవద్దన్నది!”

ఆ మాట గట్టిగా, పోట్లాటలా వచ్చింది. ఆయన నిర్ఘాంతపోయాడు. తరువాత నవ్వు ఆపుకోలేక గోడకు చెయ్యి ఆనించాడు. ఆమెకూ నవ్వు వచ్చింది, దాని వెనకే కళ్ళు నిండాయి. వీధిలో బస్సు ఒకటి వెనక్కి తిరుగుతూ హారన్ కొట్టింది.

“తెలిసి ఉంటే వచ్చేదాన్ని,” అంది ఎడమక్క. ఈసారి ఆయన మొహంలోకి చూసే అంది.

ఆయన తల ఊపాడు. “ఆవిడకి నేను ఏ లోటూ చెయ్యలేదండీ,” అన్నాడు, ఎవరూ అడగకుండానే.

“చెయ్యరు. నాకు తెలుసు.”

ఆయన స్టవ్ వెలిగించి టీ పెట్టాడు. చక్కెర ఎంతో అడిగాడు. టీ తాగడం అయ్యాక, కిటికీలోంచి డిపో వైపు చూసి, “మీ వైపు బండి ఆరున్నరకి ఉంది. అది దాటితే ఏడుంబావుకి,” అన్నాడు. ఆ గొంతు ఏమీ మారలేదు.

“ఆ తరువాత?” అని అడిగింది ఎడమక్క.

“ఎనిమిదికి. అదే ఆఖరుది.”

ఆమె భుజం మీది సంచి తీసి కుర్చీ పక్కన పెట్టింది.