మధ్యాహ్నం మూడు గంటలకు నీళ్ళ చప్పుడు

దయ్యాలంటే నాకు భయం లేదు, నమ్మకమూ లేదు. తమిళనాడులో నేను పనిచేసే గుడియాత్తం అగ్గిపెట్టెల కంపెనీలో అన్నం డబ్బాలు విప్పగానే ఎవరో ఒకరు దయ్యం కథ మొదలుపెడతారు. "ఆ దయ్యానికి పనీపాటా లేదా?" అని ఎగతాళి చేసేదాన్ని నేనే. ఇప్పుడు నా కథను వాళ్ళకు ఏ మొహం పెట్టుకుని చెప్పను? అందుకే ఇక్కడ చెబుతున్నాను. తెలుగు మాట్లాడతానే గానీ అక్షరాలు రావు. మా మరదలు రాసిపెడుతోంది.

నాకు నలభై ఒకటి. పిల్లలు లేరు. మా ఆయనకు బెంగళూరులో వాచ్‌మన్ ఉద్యోగం, నెలకు రెండుసార్లు వస్తాడు. మిగతా రోజులన్నీ ఇంట్లో నేనొక్కదాన్నే. వండేది కూడా ఒక పూటే. ఒక్కదానికోసం రెండో పూట పొయ్యి వెలిగించబుద్ధి కాదు.

మూడేళ్ళ కిందట నాకు నెలసరిలో రక్తం ఆగకుండా పోయేది. ఒకసారి ఎక్కించాల్సి కూడా వచ్చింది. వేలూరులో ఒక ఆసుపత్రిలో గర్భసంచి లోపలి పొరను వేడితో కాల్చేశారు. కోత లేదు, కుట్టు లేదు, ఆ సాయంత్రమే ఇంటికి పంపారు. అంతకు ముందు డాక్టరమ్మ పిల్లలు కావాలా అని రెండుసార్లు అడిగింది. ఏళ్ళ తరబడి ఎదురుచూసి అలసిపోయాం, వద్దన్నాం. ఇకమీద గర్భం రాకూడదు, జాగ్రత్తగా ఉండాలి అని ఆమె తమిళంలో చెప్పింది. నేను "రాదు" అని విన్నాను. జాగ్రత్తలు రాసిచ్చిన కాగితాన్ని మడిచి బీరువాలో పెట్టాను. రానిదానికి జాగ్రత్తేమిటి?

ఆ తర్వాత నెలసరి పూర్తిగా ఆగిపోయింది. హమ్మయ్య అనుకున్నాను. బస్సులో పక్కన ఎవరైనా పసిబిడ్డను ఎత్తుకుని కూర్చుంటే మాత్రం లేచి వేరే సీటుకు పోయేదాన్ని.

కిందటేడాది ఒక మధ్యాహ్నం ఎప్పట్లాగే రెండింటికి కంపెనీ నుంచి వచ్చి పడుకుని ఉన్నాను. మూడు గంటలప్పుడు పెరట్లోని బాత్రూంలో ఎవరో నీళ్ళు పోసుకుంటున్న చప్పుడు. చెంబు తొట్టిలో మునగడం, ఒంటిమీద నీళ్ళు పడటం, మళ్ళీ చెంబు. లేచి వెళ్ళి చూస్తే నేల పొడిగా ఉంది. చెంబు నేను బోర్లించినట్టే ఉంది.

మరుసటి రోజూ అదే వేళకు. ప్లంబరును పిలిచి కొళాయి చూపించాను, బాగుందన్నాడు. ఆ గది గోడలు పక్కింటితో కలవవు. నాలుగో రోజు తొట్టి ఖాళీ చేసి, తలుపుకు తాళం వేసి, తాళంచెవి గుప్పిట్లో పట్టుకుని ఎదురుగా కూర్చున్నాను. తాళం వేసిన తలుపు వెనక ఎవరో నింపాదిగా నీళ్ళు పోసుకున్నారు. నాకు భయం కన్నా ముందు కోపం వచ్చింది. "ఎవురది?" అని అరిచాను. చప్పుడు ఆగలేదు.

వరసగా తొమ్మిది రోజులు విన్నాను. తొమ్మిదో రోజు శనివారం. ఇక తట్టుకోలేక పక్కింటి సరోజక్క దగ్గరికి పోయాను. ఆమె పలమనేరు నుంచి ఇక్కడికి కోడలుగా వచ్చిన మనిషి. ఎలా మొదలుపెట్టాలో తెలియక నసిగాను.

"అక్కా, మా ఇంట్లో నీళ్ళు పోసుకున్నట్టుండాది."

ఆమె చేతిలోని చాట కింద పెట్టేసింది. "నిజంగానా తల్లీ! ఎన్ని దినాలాయ? మీ ఆయనకు చెప్పినావా?"

నాకేమీ అర్థం కాలేదు. ఇక్కడి మా తెలుగువాళ్ళలో ఎవరైనా కడుపుతో ఉంటే తమిళ మాటే వాడతాం, "ముళుగామ ఉండాది" అంటాం. అంటే నెలసరి రాక తలకు నీళ్ళు పోసుకోలేదని. సరోజక్క వైపు నీళ్ళు పోసుకుంది అంటేనే కడుపుతో ఉన్నట్టట. చూడండి విడ్డూరం! ఆమె విడమరిచి చెప్పేసరికి నాకు ఒళ్ళు మండిపోయింది.

"నా కడుపు కాల్చేసినారక్కా. ఎగతాళిగా ఉండాదా నీకు?" అని ఏడ్చుకుంటూ వచ్చేశాను.

ఇంటికొచ్చాక కోపం దిగింది. నెలసరే లేనిదాన్ని, నెల తప్పినా నాకు తెలిసేదెట్లా అనే ఆలోచన పట్టుకుంది. మందుల షాపుకు పోయి పరీక్ష కిట్టు తెచ్చుకున్నాను. ఆదివారం పొద్దున రెండు గీతలు వచ్చాయి.

ఆ రోజు ఆసుపత్రిలో ఓపీ ఉండదు. మా ఆయనకు ఫోన్ చేయలేదు. సరోజక్కకూ చెప్పలేదు. పైకి చెబితే పోతుందేమోనని భయం. రెండు పూటలా వండుకుని తిన్నాను. ఆదివారమంతా ఇంట్లో నేనొక్కదాన్నే ఉన్నాను గానీ, ఎన్నో ఏళ్ళ తర్వాత ఒక్కదాన్నే అనిపించలేదు. మూడు గంటలకు చప్పుడు రాలేదు. రాలేదన్న సంగతి కూడా సాయంత్రానికి గానీ గుర్తుకు రాలేదు.

సోమవారం బస్సెక్కి వేలూరు పోయాను. స్కాన్ చేస్తూ డాక్టరమ్మ చాలాసేపు తెర వైపే చూసింది. కాల్చిన గర్భసంచిలో కూడా అరుదుగా గర్భం నిలుస్తుందట. బిడ్డను కని ఇంటికి తీసుకుపోయిన వాళ్ళూ ఉన్నారట. కానీ మధ్యలోనే పోవచ్చు, నెలలు నిండకుండా పుట్టవచ్చు, బిడ్డ మాయ గర్భసంచి గోడకు అతుక్కుపోయి రక్తం ఆగక సంచే తీసేయాల్సి రావచ్చు. అందుకే రాకూడదని చెప్పిందట. నాది సంచిలో కూడా లేదు, ట్యూబులో ఉంది. అక్కడ ఏ బిడ్డా బతకదు, ట్యూబు పగిలితే నా ప్రాణమే పోతుంది.

"కొంచెం లోపలికి జరిపేదానికి కాదా మేడం?" అని అడిగాను. ఆమె నా చెయ్యి పట్టుకుంది. సాయంత్రానికి ఆపరేషన్ అయిపోయింది.

నొప్పి లేదు, రక్తం లేదు, నీకు ఎట్లా తెలిసిందని తర్వాత ఆమె అడిగింది. తల తిరిగిందని అబద్ధం చెప్పాను.

మరుసటి రోజు మా ఆయన వచ్చి మంచం పక్కన కూర్చున్నాడు. "ఒక ఫోన్ చేసింటే ఆ దినం నేను గూడా నీతో ఉందును గదా" అన్నాడు.

ఏడాది దాటింది, ఆ చప్పుడు మళ్ళీ వినలేదు. అది నన్ను బతికించేదానికే వచ్చిందని సరోజక్క అంటుంది. ఎవరు వచ్చారో, నాకే ఎందుకు వినిపించిందో ఎంత ఆలోచించినా అంతుపట్టలేదు. ఆ చప్పుడు లేకుండా నొప్పి మొదలయ్యాకే తెలిసినా నేను బతికేదాన్నేమో. ఆ ఆదివారం మాత్రం నాకు ఉండేది కాదు.