మామ మాట్లాడిన గురువారం

రేడియో ఇంటి వస్తువు కాకుండా ఊరి వస్తువుగా ఉన్న కాలంలో నేను ఉద్యోగంలో చేరాను. కడప జిల్లాలో, రాజంపేటకు ఆరేడు మైళ్ళ అవతల ఉన్న మా ఊరికి కరెంటు వచ్చి అప్పటికి ఏడాది కూడా కాలేదు. సాయంత్రమైతే జనం పనులు ముగించుకుని, కాళ్ళూ చేతులూ కడుక్కుని, గుడికి పోయినంత శ్రద్ధగా పంచాయతీ ఆఫీసు ముందుకు వచ్చి కూర్చునేవాళ్ళు. మద్రాసులో ఎవరో మాట్లాడితే మా ఊళ్ళో వినబడటమనే వింతకు వాళ్ళింకా అలవాటు పడలేదు. ఆ వింతకు తాళంచెవి నా దగ్గరుండేది. ఇరవై ఒక్క ఏళ్ళ కుర్రవాడి చేతికి ఇవ్వదగ్గ వస్తువు కాదది, ఇప్పుడు ఆలోచిస్తే.

నేను ఆ పంచాయతీలో గుమాస్తాను. పగలంతా జనన మరణాల రిజిస్టరు రాయడం, సాయంత్రం రేడియో పెట్టడం నా పని. మిద్దె మీద రెండు పెద్ద బాకాలు, లోపల గదిలో ఒక పెట్టె, పెట్టె పక్కన ఒక మైకు ఉండేవి. పెట్టెకు ఒక మర. ఎడమ పక్కకు తిప్పితే బాకాల్లో మద్రాసు స్టేషను, కుడి పక్కకు తిప్పితే నా గొంతు. (రెండూ ఒకేసారి వచ్చే ఏర్పాటు లేదు. ఉండి ఉంటే ఈ కథ లేదు.) ఆ మైకులో మొదటిసారి నా గొంతు విన్న రోజే నాకు నా మీద అపారమైన గౌరవం పుట్టింది. మర్నాటి నుంచి మిరియాలు నములుతూ, ‘శ్రోతలకు నమస్కారం’ అన్న ముక్కను ఇంట్లో అద్దం ముందు రకరకాలుగా పలికి చూసుకునేవాణ్ణి. ప్రకటనలన్నీ ప్రోగ్రాములు ముగిశాక చెయ్యమని మా ప్రెసిడెంటు చెప్పాడు. కానీ ప్రోగ్రాములు ముగిశాక వినేందుకు ఎవరుంటారు? అందరూ లేచి, గుడ్డలు దులుపుకుని, ఇళ్ళకు పోతుంటారు. అందుకని నేను మంచి రసపట్టు చూసి మధ్యలోనే మర కుడికి తిప్పడం మొదలుపెట్టాను.

ఒకసారి ఒక విద్వాంసుడు రాగం పైకి పైకి తీసుకుపోయి, ఇక దించబోతున్నాడనగా తప్పిపోయిన బర్రె గుర్తులు చదివాను. ఆ బర్రె యజమాని ముందు వరసలోనే ఉన్నాడు. ‘నా గొడ్డు దొరికి రెండు దినాలాయ గదప్పా’ అని కూర్చున్నచోటి నుంచే చెప్పాడు. ఇంకోసారి ఒక నాటకంలో ఎవడో కత్తి పట్టుకుని తలుపు వెనక నిలబడ్డాడు. నేను టీకాల ప్రకటన చదివి మర ఎడమకు తిప్పేసరికి నాటకం అయిపోయి ధరవరలు చెబుతున్నారు. ఆ కత్తితో ఏం చేశాడని వారం రోజులు ఊరంతా నన్ను నిలదీసింది. చివరికి విసిగిపోయి, ‘మామిడికాయలు కోసినాడు’ అని చెప్పాను. కొందరు నమ్మారు కూడా. ఆ నమ్మకమే నన్ను చెడగొట్టింది.

అప్పట్లో గురువారం సాయంత్రాలు ఒక ప్రశ్నల పోటీ వచ్చేది. స్టేషనుకు పిలిపించిన ముగ్గురు నలుగురిని వరసగా కూర్చోబెట్టి, ఒక్కొక్కరినీ మూడేసి ప్రశ్నలు అడిగేవాళ్ళు. జవాబు సరైనదైతే గంట మోగేది. కాకపోతే చెక్క మీద కొట్టిన చప్పుడు. మా ఊరికి ఇంతకన్నా ఇష్టమైన ప్రోగ్రాము లేదు. ఆకాశవాణి తమనే అడిగినట్టు జనం బాకాల వైపు చూసి జవాబులు చెప్పేవాళ్ళు, చాలామటుకు తప్పులు. ఒక్క మిషను మామ మాత్రం గంట మోగకముందే, ఎప్పుడూ కరెక్టుగా, అదీ పక్కవాడికి మాత్రమే వినబడేంత మెల్లగా చెప్పేవాడు.

మిషను మామ మా ఊరి దర్జీ. నలభై ఏళ్ళ మనిషి, సన్నగా, మెడలో టేపు వేసుకుని, ఎప్పుడూ ఏదో ఒక కాగితం ముక్క చదువుతూ ఉండేవాడు. శనగలు కట్టిన పొట్లమైనా, సబ్బు చుట్టిన కాగితమైనా విప్పి, సాపు చేసి, చదివి గానీ పారేసేవాడు కాదు. దేశాల రాజధానులు, నదుల పొడవులు, కాలువలు తవ్వించిన వాళ్ళ పేర్లు అలా పోగు చేసుకున్నాడు. ఆ చదువులో పడి ఎవరి గుడ్డలూ టైముకు కుట్టి ఇచ్చేవాడు కాదు. పెళ్ళికిచ్చిన చొక్కా సీమంతానికి అందేదని చెప్పుకునేవాళ్ళు. మామ భార్యను మేమందరం అత్త అనేవాళ్ళం. గుండీలు కుడుతూ, ‘ఆ ఏర్లూ కాలవలూ మనకేం అన్నం పెడతాయా? ముందు రెడ్డెమ్మ రవికె కుట్టు’ అని రోజూ గొణిగేది. మామ అలాగే అన్నట్టు తలూపి, పొట్లం తిప్పి రెండోవైపు చదివేవాడు.

అలాంటి మామకు మద్రాసు స్టేషను నుంచి పిలుపు వచ్చింది. ఎవరికీ చెప్పకుండా పోస్టుకార్డు రాసుకున్నాడట. ఆ వారం ఊళ్ళో వేరే మాట లేదు. నిన్నటిదాకా ఆయన్ను తిట్టినవాళ్ళే వచ్చి, ‘నా గుడ్డలకేం తొందరలేదు, నువ్వు చదువుకో మామా’ అని పోయారు. మామ తనకోసం ఒక తెల్లచొక్కా కుట్టుకున్నాడు. (చెప్పిన రోజుకు ఆయన కుట్టి ఇచ్చిన చొక్కా నాకు తెలిసి అదొక్కటే.) బుధవారం బస్సెక్కి రాజంపేట పోయి, అక్కడ మద్రాసు రైలెక్కాడు. బస్సెక్కేముందు నా దగ్గరకొచ్చి, ‘రేపు పెట్టె బాగుండాదా, ఒకపారి చూసుకో నాయనా. మీ అత్త ఇంటుంది’ అన్నాడు. నేను గుండె మీద చెయ్యి వేసుకుని, ‘నాకొదిలెయ్ మామా’ అన్నాను.

గురువారం ఆరు గంటలకే పంచాయతీ ముందు చోటు లేదు. అత్త జీవితంలో మొదటిసారి రేడియో దగ్గరకు వచ్చింది. ముందు వరసలో చోటిస్తే వద్దని, గోడవారగా మెట్టు మీద, కొంగు నిండుగా కప్పుకుని కూర్చుంది. పోటీ మొదలైంది. పాల్గొనేవాళ్ళ పేర్లు చదువుతూ మా ఊరి పేరు చెప్పగానే జనం చేసిన గోలకు కొట్టంలో గొడ్లు బెదిరాయి. మామ మూడో మనిషి. సరిగ్గా అప్పుడే ఆఫీసు ముందు జీపు ఆగింది. అందులోంచి వ్యవసాయం ఆఫీసరు దిగాడు. ఎరువు గుంతల గురించి ఊళ్ళు తిరిగి చెబుతున్నాడు. జనాన్ని చూసి సంతోషించి, ‘పోటీ అయిపోనివ్వండి, తర్వాతే మాట్లాడతాను. నాకేం తొందరలేదు’ అన్నాడు. ఈ మాట ఆయన స్పష్టంగా అన్నాడని ఇక్కడ రాసి పెట్టడం నా విధి. ఎందుకంటే ఎన్నో ఏళ్ళపాటు తప్పంతా ఆ ఆఫీసరుదేనని నేను చెప్పుకు తిరిగాను.

నేనేమనుకున్నానంటే, మామ వంతు రావడానికి ఇంకా పది నిమిషాలు పడుతుంది. ఈలోగా ఆఫీసరుకు రెండు నిమిషాలిస్తే ఊరంతా వింటుంది. పైగా ఆయన్ను పరిచయం చేసే మాటలు నేను చెప్పాలి. అంత జనానికి నా గొంతు వినిపించే అవకాశం మళ్ళీ రాదు. ‘పర్వాలేదు సార్, రెండే నిమిషాలు’ అని ఆయన చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయి, మర కుడికి తిప్పాను. నా పరిచయమే నాలుగు నిమిషాలు పట్టింది. తర్వాత ఆయన మొదలుపెట్టాడు. పాపం మంచివాడే గానీ కళ్ళు మూసుకుని మాట్లాడే అలవాటు. నేను చేతులు ఊపాను, గడియారం చూపించాను, దగ్గాను. ఆయన గుంత తవ్వడం పూర్తిచేసి, ఆకూ అలమూ వేసి, పేడనీళ్ళు చల్లి, మట్టి కప్పి, అది మాగడానికి ఎన్ని నెలలు పడుతుందో చెప్పి కళ్ళు తెరిచాడు. బయట గోల నాకు వినబడుతూనే ఉంది. ‘తిప్పప్పా, ఎడమకు తిప్పు’ అని ఎవరో కిటికీ ఊచలు పట్టుకుని అరుస్తున్నారు. ఆఫీసరు మాట్లాడుతుండగా మర తిప్పే ధైర్యం నాకు లేకపోయింది. చివరికి తిప్పితే, ‘పాల్గొన్న వారందరికీ మా ధన్యవాదాలు’ అని ఒక గొంతు, ఆ వెనకే వేణువు.

నేను బయటికి వచ్చాను. అత్త మెట్టు మీద నుంచి లేచి వచ్చి, ‘ఏం నాయనా, మీ మామ మాట్లాడినాడా?’ అని అడిగింది. ఆమె గొంతులో కోపం లేదు. కోపం ఉంటే తట్టుకునేవాణ్ణేమో.

‘మాట్లాడినాడత్తా’ అన్నాను. ‘ఆఫీసరు చెబుతాంటే నేను పెట్టెకు చెవి ఆనిచ్చి ఇంటానే ఉండా. అన్నీ చెప్పినాడు. గెలిచినాడు.’

నాటకం కత్తితో మామిడికాయలు కోయించిన నోటికి ఇది కష్టం కాలేదు. ఏమడిగారు, ఏం చెప్పాడు అని జనం చుట్టుముట్టారు. నేను లోపలికి పోయి మర కుడికి తిప్పి, మామ గెలుపును బాకాల్లో ప్రకటించాను. ప్రపంచంలోకెల్లా పొడవైన నది ఏదంటే గంగ అని తడుముకోకుండా చెప్పినట్టు కూడా వర్ణించాను. అత్త కొంగుతో ముఖం తుడుచుకుని ఇంటికి పోయింది. పోయేటప్పుడు దారిలో ఎదురైన ఇద్దరితో తనంతట తనే ఆగి మాట్లాడిందని తర్వాత విన్నాను.

మర్నాడు సాయంత్రం బస్సు వచ్చే వేళకు ఊరివాళ్ళు పలకలు వాయించేవాళ్ళను పిలిపించారు. బంతిపూల దండ తెచ్చారు. మిల్లులో పనిచేసే ఒకడు మామ అంగట్లో వేలాడుతున్న టేపు కూడా తెచ్చి, ‘మన ఊరి దర్జీ అని బస్సులో ఉండేవాళ్ళకు గూడా తెలియాల’ అన్నాడు. నేను అందరికన్నా వెనక నిలబడ్డాను. మామ తెల్లచొక్కాతో, చేతిసంచితో బస్సు దిగాడు. పలకలు మోగాయి. మెడలో దండ పడింది. దండ మీద టేపు పడింది. మామ ఆ టేపును చేత్తో పట్టుకుని చూశాడు. ఆ తర్వాత నవ్వుతున్న జనాన్ని చూశాడు. ఆయన ముఖం నల్లబడిపోయింది. తల వంచుకుని, ఎవరి పలకరింపుకూ జవాబివ్వకుండా, జనాన్ని తప్పించుకుంటూ ఇంటికి పోయి తలుపు వేసుకున్నాడు. ‘శానా అలిసిపోయినట్టుండాడు’ అని జనం సర్దుకున్నారు.

రెండు రోజులు అంగడి తెరవలేదు. మూడోరోజు అత్త పంచాయతీకి వచ్చింది. ‘మీ మామ అన్నం ముట్టడంల్యా. ఊరంతా కూడి ఎగతాళి చేసినారంటాండాడు. గెలిచినోనికి మేళం పెడితే ఎగతాళి ఎట్లయితాది నాయనా? నువ్వొచ్చి చెప్పు’ అంది. రిజిస్టరు మూసి ఆమె వెంట నడిచాను. ఆ వంద గజాల దారి నాకిప్పటికీ గుర్తే.

మామ మిషను ముందు ఊరకే కూర్చున్నాడు. నేను వాకిట్లోనే నిలబడి, ఆఫీసరు జీపు దగ్గరి నుంచి గంగానది దాకా ఏదీ దాచకుండా చెప్పేశాను. మామ కొట్టి ఉంటే బాగుండేది. నావైపు చూసి, ‘అయితే ఎవురూ ఇన్లేదా?’ అన్నాడు.

‘ఎవురూ ఇన్లేదు మామా.’

ఆయన ముఖంలో పెద్ద బరువు దిగినట్టు కనిపించింది. కానీ అది ఒక్క క్షణమే. ‘రెండు గంటలు మోగినాయి నాయనా నాకు’ అన్నాడు మెల్లగా. ‘మొదటిదానికొకటి, రెండోదానికొకటి. అవి గూడా ఎవురూ ఇన్లేదా?’

లేదన్నట్టు తలూపాను. మామ, ‘గంగ పొడుగాటిదని నా నోట చెప్పించినావా?’ అన్నాడు, నిజంగా నొచ్చుకుంటూ. ‘ఓడిపోతే ఓడిపోయినా. తప్పు జవాబు మాత్రం నేను చెప్పలేదప్పా.’

అత్త తలుపు పక్కన నిలబడి అంతా వింటోంది. ‘ఏమడిగినారో నాకు గూడా చెప్పరాదా?’ అంది. మామ ముఖం మిషను వైపు తిప్పుకున్నాడు. అత్త నావైపు తిరిగి, ‘నువ్వే పాడు చేస్తివి, నువ్వే అడుగు. ఆడ అడిగినట్టే అడుగు’ అంది. మామ ఒక పొట్లం కాగితం వెనక మూడు ప్రశ్నలూ రాసి ఇచ్చాడు. నేను ఆయన ఎదురుగా పీట మీద కూర్చున్నాను. జీవితంలో మొదటిసారి నా గొంతు నాకే బాగోలేదు. ఎర్ర సముద్రాన్నీ మధ్యధరా సముద్రాన్నీ కలిపే కాలువ ఏదన్నాను. సూయజు అన్నాడు. ఉదయించే సూర్యుడి దేశమని దేన్నంటారన్నాను. జపాను అన్నాడు. మూడో ప్రశ్న చదవబోయి ఆగిపోయాను. ఆ టేపు మెడలో పడినప్పుడు ఆయన ముఖం ఎందుకలా అయిందో అప్పుడు తెలిసింది.

‘అడుగు’ అన్నాడు మామ.

‘గజానికి ఎన్ని అంగుళాలు?’

మామ నోరు తెరవలేదు. అక్కడ ఎంతసేపు కూర్చున్నాడో ఇక్కడా అంతసేపు కూర్చున్నాడు. ‘ఇంత సులువుగా అడగరులే, దీంట్లో ఏదో మెలిక ఉండాదని వెతుకుతాంటి. చెక్క కొట్టేసినారు’ అన్నాడు. ‘ఇప్పుడన్నా చెప్పు మామా’ అన్నాను. ‘ఆడ చెప్పలేదు గదప్పా’ అన్నాడు.

‘ముప్పై ఆరు’ అంది అత్త.

మామ ఆమెవైపు తిరిగి చూశాడు. మొదట నవ్వింది అత్తే. తర్వాత మామ నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ కళ్ళు తుడుచుకున్నాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు.

బాకాల్లో తప్పు ఒప్పుకుంటానంటే మామ వద్దన్నాడు. అంగడి తెరిచి, వచ్చినవాళ్ళందరికీ తనే, ‘నేను గెలవలేదు, రెండు చెప్పినా, మూడోది చెప్పలేకపోయినా’ అని చెప్పాడు. ఒక్కరూ నమ్మలేదు. ‘మైకులో చెప్పినారు గదా’ అన్నారు. చివరిదాకా మా ఊరికి ఆయన గెలిచిన మనిషే. ఆ బిరుదు ఆయనకు చొక్కా బిగుతైనట్టు ఎప్పుడూ ఇబ్బందిగానే ఉండేది. గురువారాలు రేడియోకు వచ్చేవాడు గానీ జవాబులు చెప్పడం మానేశాడు. స్టేషనుకు ఉత్తరం రాసి, ఆ పోటీ మళ్ళీ వినే వీలుందా అని అడిగాను. అప్పటికప్పుడు చెప్పేదే గానీ దాచిపెట్టేది కాదని మర్యాదగా జవాబొచ్చింది.

మామా లేడు, అత్తా లేదు. ఆ మూడో ప్రశ్న ఏమిటో మా ఊళ్ళో మా ముగ్గురికి తప్ప ఎవరికీ తెలియదు. ఎన్నడూ బయట పెట్టనని ఆ రోజు ఆ వాకిట్లో మాటిచ్చాను. ఇప్పుడు మీ అందరికీ చెప్పేశాను. ఈ వయసులో కూడా నాకు నోరు ఆగదని మామకు తెలిస్తే పెద్దగా ఆశ్చర్యపోడనుకుంటాను.