నల్లా కాడి బండ

పోయిన ఆదివారం మంజీర నదిల చేపలు పడుతుంటే రాయి మీద గమ్‌బూటు జారి నడుం దాక మునిగిన. అందుకే ఈ రోజు నారాయణగూడల కొబ్బరి పీచు డోర్‌మ్యాట్ ఒకటి కొని, బూటు అడుగు కొలతకు కోసి, సైకిల్ పంక్చర్ల సొల్యూషన్‌తోని అతికించిన.

పరీక్షకు చిక్కడపల్లిల మా ఇంటెనక నల్లా కాడి బండ ఉన్నది. పాచి పట్టి అచ్చం నదిల రాయి లెక్కనే ఉంటది. మొన్న మా ఆవిడ బ్లీచింగ్ పౌడర్ ఏసి కడుగుతనంటే, పరీక్షకు పనికొస్తదని నేనే ఆపిన. సాయంత్రం దాని మీద నీళ్లు పోసి, బూట్లేసుకొని అటు ఇటు నడిచిన. ఇంచు గూడ జారలే. ఎస్టీడీ బూత్‌కు పోయి, చేపలకు తోడొచ్చే దోస్తుకు ఫోన్ల చెప్దామని ఖుషీగ దిగిన.

అమ్మ తలుపు కాడ నిలబడి అంతా చూసింది.

"మంచిగున్నయి బిడ్డా. నాకు గూడ ఒక జత చెయ్యి" అన్నది.

"నీకెందుకమ్మా? చేపలకు వస్తవా?"

"రోజు పొద్దుగాల నేను నీళ్లు పట్టేది ఆ బండ మీదనే గద."

ఫోన్ సంగతి పక్కకు పెట్టి, బ్లీచింగ్ పౌడర్ తీసుకొని బండ రుద్దుడు మొదలువెట్టిన. మీ ఇంట్ల నల్లా కాడ ఎట్లున్నదో జర చూసొచ్చి చెప్పుండ్రి.