మేత ముట్టని తాబేలు ముందు మా మామ

కోవిల్‌పట్టి నుంచి మొన్న ఉదయం ఫోను వచ్చింది. మా మేనమామ వెంకటసామి నాయకర్ పరమపదించారని ఆయన కోడలు చెప్పింది. విరుదునగర్‌లో నా పశువుల మందుల దుకాణం అప్పుడే తెరుస్తున్నాను. సగం ఎత్తిన షట్టరు మళ్ళీ దించి బస్సెక్కాను. వార్త నిజమని తెలిసీ మనసు దాన్ని అంగీకరించకపోవడం ఎలా ఉంటుందో సాత్తూరు దాటేదాకా అనుభవించాను.

మామ పశువైద్యశాలలో కంపౌండరుగా జీవితమంతా గడిపిన నిగర్వి. ఎవరైనా "డాక్టరయ్యా" అంటే మండిపడేవారు. నాగలాపురం వైపు రేగడి పల్లెల రైతులు మాత్రం ఎద్దులు తోలుకొచ్చి డాక్టరును దాటి ఆయన దగ్గరే నిలబడేవారు. సూది గుచ్చే ముందు మామ ఎద్దు గంగడోలు నిమిరి, దానితో ఏదో చెప్పుకునేవారు. ఆ మృదుత్వం పశువులకే పరిమితం. పని నేర్చుకునే రోజుల్లో నేను తిన్న తిట్లకు లెక్కలేదు. ఒకసారి, జబ్బు పడ్డ ఆవును వదిలి నేను భోజనానికి లేస్తే అన్న మాట ఇప్పటికీ చెవుల్లో ఉంది: "మేత ముట్టని పసరం కండ్ల ముందర ఉంటే, మందిచ్చినోనికి సంగటి యెట్ల దిగుతుందిరా?"

ఆ మాటకు ఆయన ఎంత కట్టుబడ్డారో ఒక తాబేలు వల్ల తెలిసింది. పదేళ్ళు దాటిన సంగతి. అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో పనిచేసే అలమేలమ్మ అనే ఒంటరి వితంతువు ఒక తాబేలును సాకేది. ఆమె భర్త ఎప్పుడో చేని గట్టున దొరికిందని తెచ్చినది. ఆయన పోయాక ఆ ఇంట్లో ఆమె పలకరించడానికి మిగిలిన ప్రాణి అదొక్కటే. దానికి ముక్కు కారి, నోరు తెరిచి ఊపిరి తీస్తుంటే, కొంగులో చుట్టుకుని పరుగున వచ్చింది. ఊపిరితిత్తుల్లో చీము చేరిందన్నారు డాక్టరు. యాంటీబయాటిక్ ఇంజెక్షన్లు రాశారు. మందు నా దుకాణం నుంచి నేనే తెచ్చాను. మామ వేశారు. మూడో సూదికి ఊపిరి తేలికపడింది, కానీ తాబేలు మేత మానేసింది.

మందు చీముతోపాటు ఆకలినీ చంపుతోందని మామ గ్రహించారు. ఆపితే జబ్బు తిరగబెడుతుంది, ఆపకపోతే తాబేలు తినదు. డాక్టరును అడిగితే, "ఆవు గురించి అడగండి చెబుతాను, తాబేలు సంగతి నాకూ తెలియదు" అన్నారు. ముందు నుయ్యి, వెనుక గొయ్యి. సూదులైతే పూర్తిచేశారు, అది మేత మాత్రం ముట్టలేదు.

అంతలో తమిళుల పెరటాసి నెల వచ్చింది. మా ఇళ్ళలో ఆ నెల శనివారాలు పెరుమాళ్ళకు ఉపవాసం. సాక్షాత్తూ కూర్మావతారమే వ్రతం పట్టిందని వీధివాళ్ళు తేల్చేశారు. చిప్ప మీద నామం దిద్ది, తులసి పెట్టి, పిల్లాజెల్లా వచ్చి దండాలు పెట్టారు. చూస్తే నాకు ఒళ్ళు మండింది.

ఆ సాయంత్రం అలమేలమ్మ మామను అడిగింది: "తమ్ముడా, ఇది విరదం అంటా ఉండారు అందరు. నిజంగా విరదమేనా?"

మామ తలూపారు. "విరదం దా అక్కా. నెల పోతే తింటుంది" అన్నారు.

వాకిలి దాటగానే నిలదీశాను. "నా చేతిలో మందు లేదు. మాటన్నా ఇచ్చి వస్తిని, పోరా" అన్నారు.

ఆ నెలంతా రోజూ వెళ్ళారు. తాబేలును గోరువెచ్చని నీళ్ళలో కూర్చోబెట్టారు, ఎండ కాగనిచ్చారు. నాగజెముడు పండ్ల ముళ్ళు గీకి, గుజ్జు మూతి దగ్గర పట్టుకున్నారు. గుమ్మడిపువ్వు పెట్టారు. అది తల లోపలికి లాక్కునేది. ఈయన అలాగే కూర్చునేవారు, అలమేలమ్మ ఇచ్చిన కాఫీ కూడా ముట్టకుండా. నాలుగో శనివారం తాబేలు చనిపోయింది.

ఆ తర్వాత మామ ఆమె ఎదురైతే సందు మారి నడిచేవారు. "నమ్మిన మనిషికి అబద్దం చెప్తిని" అని నా దగ్గర ఎన్నిసార్లు కుమిలారో. సర్దిచెప్పబోతే నన్నే కసిరేవారు.

దహనమైన మర్నాడు అలమేలమ్మ వచ్చింది. బాగా వంగిపోయింది. నా పక్కన కూర్చుని మెల్లగా చెప్పింది: "విరదం కాదని నాకు తెలుసప్పా. మూడో ఊసి మందు ఏసినంక దా అది మేత మానె. పెరటాసి దాని తరవాత గదా పుట్టింది. మీ మామ కూడు నీళ్ళు లేక దాని ముందర కూసుంటాడే, ఆ మొగం నాకు సూడను కాలేదు. విరదమా అని నేనే అడిగితిని. అవునంటే ఆయనకి బారం కొంచెం దిగునని."

"ఈ మాట ఆయనతో అనలేదా పెద్దమ్మా?"

"ఎట్ల అనేది? నన్ను సూస్తే సందు మారిపోతాడే."

విద్యాధికులకు, వదాన్యులకు స్మృత్యంజలులు లోకం ఘటిస్తుంది. వైద్యం ఫలించని ఒక మూగజీవి ఎదుట పస్తులున్న మా మామకు ఈ మేనల్లుడి సాష్టాంగ నమస్కారం. అలాంటి మనిషిని నేను మళ్ళీ చూడను. అలమేలమ్మ మాట వినగానే, మామకు చెప్పాలని గబగబా లేచి ఆయన గదివైపు నడిచాను. గుమ్మం దాకా వెళ్ళాక గుర్తొచ్చింది.