జనవరి ఒకటి నాడు పుట్టినోళ్లు

మా ట్రస్టు కంటి క్యాంపులు పెడ్తది. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల్ల ఊరూరు తిరిగి, కంట్ల పొర వచ్చిన ముసలోళ్ల పేర్లు రాసుకొని, తొర్రూరుల ఉన్న మా దవాఖానకు పిలిపించి ఆపరేషన్ చేయిస్తది. నేను అక్కడ కంప్యూటర్ ఆపరేటర్‌ను. రిజిస్టర్లు బంద్ చేసి అన్నీ కంప్యూటర్ల ఎక్కించాలనుకున్నప్పుడు, ఫారాలు తయారు చేసే సాఫ్ట్‌వేర్ ఏది మంచిదో చూడుమని మేనేజర్ సారు నాకే చెప్పిండు.

మూడు వారాలు చూసిన. ఉచితంగ దొరికేది ఒకటుండె. చూడనీకి ముతకగ ఉంటది గాని, ఫారంల ఏ గడి నింపాలె, ఏది ఖాళీగ వదలొచ్చు అన్నది మనమే పెట్టుకోవచ్చు. ఒక్కొక్క మనిషికి డేటాబేస్‌ల ఒక్కొక్క నెంబర్ పడ్తది. ఇంకోటి పట్నం కంపెనోళ్లది. రంగుల తెర, తిరిగే గ్రాఫులు. ఆ కంపెనీ మనిషి చూపెట్టనీకి వచ్చిన రోజు నేను అడిగిన.

"సార్, మా ముసలోళ్లకు పుట్టిన తేదీ తెల్వది. కార్డుల మీద గూడ సంవత్సరమే ఉంటది. తేదీ లేకుంటె మీ ఫారం ముందుకు పోతలేదు. ఎట్ల?"

"జనవరి ఒకటి కొట్టేయండి మేడమ్. అందరూ అదే చేస్తారు," అని నవ్విండు. మా సారు గూడ నవ్విండు.

"మరి ఒకే పేరు, ఒకే సంవత్సరం ఉన్నోళ్లు ఇద్దరు వస్తే?"

"అంత దూరం ఆలోచించకండి."

ఉచితందే మంచిదని నేను రాసిచ్చిన నాలుగు కాగితాలు సారు తిప్పి గూడ చూడలే. రంగుల తెరే వచ్చింది.

ఆరు నెలలకు, కొడకండ్ల క్యాంపుల పేరు రాయించుకున్న ఒక తండా అవ్వ ఆపరేషన్‌కు వచ్చింది. పొద్దుగాల నుంచి ఏం తినలే, కోడలు చెయ్యి పట్టుకొని నడిపించుకొచ్చింది. కౌంటర్‌ల నేనే ఉన్న. పేరు కొట్టంగనే ఆపరేషన్ అయిపోయిందని చూపెట్టింది.

"అవ్వా, నీ కుడి కన్ను అయిపోయిందని వస్తుంది."

"నా కన్ను నాకు ఎరుక కాదా బిడ్డా? నీ ముఖమే పొగ లెక్క కనవడ్తుంది."

సారుకు ఫోన్ చేసిన. "లిస్టుల లేని మనిషిని డాక్టర్ ముట్టడు. కంపెనీకి మెయిల్ పెట్టు, ఆమెను పంపించు," అన్నడు. పంపించిన. ఆ మాట రాస్తుంటె ఇప్పటికీ పండ్లు కొరుక్కుంటున్న.

తవ్వి చూస్తే, అదే తండాల అదే పేరుతోని ఇంకో అవ్వ ఉన్నది, కుడి కన్ను ఆపరేషన్ అయింది ఆమెకు. ఇద్దరిదీ ఒకే సంవత్సరం. ఇద్దరికీ జనవరి ఒకటి కొట్టింది నేనే. సాఫ్ట్‌వేర్ ఇద్దరినీ ఒక్క మనిషే అనుకొని, ఒకరి వివరాల మీద ఇంకొకరివి రాసేసింది. కంపెనోళ్లు "పరిశీలిస్తున్నాం" అని జవాబిచ్చిండ్రు. నెల దాటినా అదే జవాబు.

అంతట్ల కోడలు ఫోన్ చేసింది. పొయ్యి కాడ మంట సరిగ్గ కనవడక అవ్వ చెయ్యి కాలిందట. నేను సారు రూములకు పోయి, తలుపు గూడ కొట్టకుండ నిలబడ్డ.

"ఎంట్రీ కొట్టింది నువ్వే కదా?" అన్నడు.

"కొట్టిన సార్. కొట్టకుంటె మీ ఫారం కదలదు. ముందే చెప్పిన."

ఎవ్వరినీ అడగలే. నేను చెప్పిన ఉచిత సాఫ్ట్‌వేర్‌లనే కొత్త ఫారం కట్టిన. తేదీ తెల్వదంటె వయసు రాస్తే చాలు, ఇంటి పెద్ద పేరు తప్పకుండ ఉండాలె. గార్ల క్యాంపుల అదే నడిపించిన. పాతవన్నీ, క్యాంపుల కాడ ఇంకా చేత్తోనే రాస్తున్న రిజిస్టర్ చూసి ఒక్కొక్కటి మళ్ల ఎక్కించిన. రెండో పేజీ దాటకముందే ఇట్ల కలిసిపోయినోళ్లు ఇంకా దొరికిండ్రు. డాక్టర్‌కు రిజిస్టర్ చూపెడితె అవ్వకు ఆయనే ఆపరేషన్ చేసిండు. పట్టీ విప్పినాక ఆమె నా దిక్కు చూసి, "ఇంత చిన్న పిల్లవా నువ్వు!" అన్నది. ఆమెకు నా మీద కోపం లేదు. ఉంటెనే బాగుండు అనిపించింది.

తర్వాత అన్ని క్యాంపులకు ఆ ఫారమే పెట్టిండ్రు. పెద్ద మీటింగుల సారు లేచి, "మా టీమ్ బాగా పరిశీలించి ఈ కొత్త పద్ధతి ఎంచుకుంది," అన్నడు. నేను లేచిన. "మొదట ఎంచుకున్నది మీరు సార్. ఒక అవ్వ చెయ్యి కాలినంక ఇది వచ్చింది." ఎవరో కుర్చీ జరుపుకున్నరు.

వారం తిరగకముందే నన్ను భూపాలపల్లి సెంటర్‌కు మార్చిండ్రు. పోయిన. ఆ రంగుల తెరను కంపెనోళ్లు ఇప్పుడు ఇంకో దవాఖానకు అమ్మిండ్రని విన్న. అక్కడ కౌంటర్‌ల ఎవరు కూసున్నరో తెల్వదు గాని, జనవరి ఒకటి సంగతి చెప్పనీకి వాళ్ల ఫోన్ నెంబర్ కోసం అడుగుతనే ఉన్న.