అత్తమ్మ చెంబు, బాపు సీసా

మా బాపుకు ఇద్దరే దేవుళ్లు. ఒకరు వేములవాడ రాజన్న, రెండోది కాగిన నీళ్లు. రాజన్న దగ్గరికి ఏడాదికోసారి పోతాడు. నీళ్ల గిన్నె దగ్గరికి మాత్రం రోజూ పొద్దున్నే పోవాల్సిందే. నీళ్లు సలసల కాగి, అడుగు నుంచి పెద్ద పెద్ద బుడగలు లేచేదాకా పొయ్యి పక్కనే నిలబడతాడు. "కాగినయ్ తియ్యి" అని ఎవరన్నా అన్నారో, ఆయన చూసే చూపుకే మిగతావి కాగిపోతాయి.

ఈ భక్తి అవ్వకు, అంటే మా అమ్మకు, కామెర్లు అయినప్పుడు పట్టుకుంది. అవ్వ కళ్లు పసుపుపచ్చగా అయ్యాయి. మంచం దిగలేకపోయింది, గుక్కెడు గంజి కూడా కడుపులో నిలవలేదు. చెడ్డ నీళ్ల వల్ల వచ్చిందని, ఇక మీద జాగ్రత్తగా ఉండాలని డాక్టర్ చెప్పాడు. బాపు జీవితమంతా పవర్‌లూమ్‌ల మోతలో గడిపిన మనిషి, మేం చెప్పే మాటల్లో సగం ఆయనకు వినపడవు. డాక్టర్ మాట మాత్రం పూర్తిగా వినపడింది. వేన్నీళ్లకు చన్నీళ్లు తోడు అంటారు కదా, మా ఇంట్లో ఆ రోజు నుంచి ఆ తోడు బంద్. అవ్వ ఎక్కడికి పోయినా ఆమె వెనక బాపు, బాపు చేతిలో కాచి చల్లార్చిన నీళ్ల స్టీలు సీసా.

మా వైపు ఇంటికి వచ్చిన మనిషికి ముందు చెంబెడు నీళ్లు ఇస్తారు, ఆ తర్వాతే మంచీ చెడూ. ఆ నీళ్లు ముట్టలేదంటే ఏదో మనసులో పెట్టుకున్నట్టే లెక్క. అవ్వ చాలా ఇళ్లలో సీసా చూపించి, నవ్వి, తప్పించుకుంది. తమ్ముని ఇంట్లో మాత్రం ఆ నవ్వు పని చేయలేదు.

మా మామ, అంటే అవ్వ తమ్ముడు, జైనూర్ దగ్గర ఒక ఊళ్లో చిన్న బట్టల దుకాణం నడుపుతాడు. అమ్మమ్మ పోయాక అవ్వకు పుట్టిల్లంటే ఆ ఇల్లే. జబ్బు తగ్గాక మొదటిసారి పోయినప్పుడు అత్తమ్మ చెంబు పట్టుకుని గడప దాకా ఎదురొచ్చింది. అవ్వ చెంబు అందుకుని పక్కన పెట్టి, సంచిలోంచి సీసా తీసింది.

"ఏమనుకోకు పిల్లా, డాక్టర్ వద్దన్నడు."

"నకో వదినె, నేనేమనుకుంట," అన్నది అత్తమ్మ. మహారాష్ట్ర సరిహద్దులో పుట్టిన మనిషి, వద్దనడానికి ఆమెకు ఆ మాటే వస్తుంది. కాసేపటికి చెంబులో నీళ్లు తీసుకుపోయి పెరట్లో మందారం మొదట్లో పోసింది. అవ్వ అది చూసింది.

అంతకుముందు వాళ్లిద్దరూ ఏం కూర వండారో కూడా ఫోన్‌లో చెప్పుకునేవాళ్లు. ఆ తర్వాత ఫోన్ మామే చేసేవాడు, అత్తమ్మ ఎప్పుడూ "పనిల ఉన్నది". ఒక రోజు అవ్వ నా దగ్గర కళ్లనీళ్లు పెట్టుకుంది. "నా తమ్మునిల్లు నాకు పరాయిదైపోతున్నది బిడ్డా," అంది. నాకు బాపు మీద, ఆ సీసా మీద ఎంత కోపం వచ్చిందో! అట్లని సీసా పారేయమనగలనా? ఆ పచ్చటి కళ్లు నేనూ చూశాను కదా.

అంతలో మామ బిడ్డకు సంబంధం కుదిరింది, పూలుపండ్లకు, అంటే నిశ్చితార్థానికి, రమ్మని కబురు వచ్చింది.

"ఈసారి దాని చేతి నీళ్లు తాగుత. సస్తే సస్త," అంది అవ్వ.

"సచ్చుడెందుకు? క్యాన్ తీస్కపోదాం," అన్నాడు బాపు.

ఆయన ఉపాయం ఇది. పెద్ద క్యాన్ నిండా కాచిన నీళ్లు తీసుకుపోవాలి, ఎవరూ చూడకుండా అత్తమ్మ బిందెలో పోయాలి. అప్పుడు అత్తమ్మ చేతి చెంబు, బాపు కాచిన నీళ్లు. ఇంత తెలివి ఇన్నాళ్లు ఎక్కడ దాచాడో!

పూలుపండ్లకు ముందు రోజు పొద్దున్నే జీపులో బయలుదేరాం. ఘాట్ రోడ్డు మీద వానకు గుంతలు పడి ఉన్నాయి. ఒక గుంతలో జీపు దిగేసరికి క్యాన్ బోర్లా పడింది, మూత ఊడింది. నీళ్లన్నీ మా కాళ్ల కింది నుంచి రోడ్డు మీదికి పోయాయి. బాపు సీసా వైపు చూశాడు. అదీ సగమే ఉంది.

ఇంటి ముందు దిగితే అత్తమ్మ గడపలో నిలబడి ఉంది. చేతిలో చెంబు లేదు.

"ఇద్దామంటె ఇంట్ల నీళ్లు లెవ్వు వదినె. వాగొచ్చి పైపు కొట్టుకపోయింది, నల్లా బంద్. బావిల అంతా ఎర్రమట్టే. ఉన్నా నువ్వు తాగుతవా, తియ్యి."

అవ్వ మొహం వాడిపోయింది. మర్నాటికి పిల్లగాని తరఫువాళ్లు బండి నిండా వస్తున్నారు, వాళ్లకు ఏం పోయాలో ఇంట్లో ఎవరికీ తోచడం లేదు. మామ పరేషాన్ అయి అటూ ఇటూ తిరుగుతున్నాడు.

బాపు చొక్కా చేతులు పైకి మడిచాడు. "ఫికర్ జెయ్యకుండ్రి. బావి నీళ్లు తోడుండ్రి," అన్నాడు. పెండ్లి పిల్లకని తన మగ్గం మీద నేసిన కొత్త నూలు బట్ట తెచ్చాడు. దాన్ని నాలుగు మడతలు పెట్టి బిందె మూతికి కట్టాడు. "నా బట్టల నుంచి దోమ గూడ దూరది," అన్నాడు. నిజమే, నీళ్లు కూడా దూరలేదు. బట్ట మీద చెరువులా నిలబడ్డాయి. చేత్తో అదిమి అదిమి కిందికి దింపాడు. దిగిన నీళ్లు ముందుకంటే మబ్బుగా ఉన్నాయి. పొయ్యి మీద పెడితే నురగ లేచింది, ఇల్లంతా గంజి వాసన.

అత్తమ్మ గిన్నెలోకి తొంగి చూసింది. "గిండ్ల ఇంత ఉప్పేస్తె జరమొచ్చినోళ్లకు పొయ్యొచ్చన్నా," అంది. "పడుగుకు గంజి వెట్టింది నువ్వే, మర్సిపోయింది నువ్వేనాయె!"

ముందు నవ్వింది అవ్వ. ఆ నవ్వు చూసి అత్తమ్మకు నవ్వు ఆగలేదు. ఇద్దరూ ఒకరి భుజం మీద ఒకరు చెయ్యేసి పడి పడి నవ్వారు. ఇంతకాలం బట్ట నేసిన మనిషి, మగ్గం దిగిన బట్టను ఉతక్కుండా నీళ్లకు కట్టాడు! బాపు మాత్రం "బట్ట గట్టిది మరి," అని గొణుక్కున్నాడు.

అత్తమ్మ లోపలికి పోయి ఒక పాత చీర తెచ్చింది. ఉతికి ఉతికి మెత్తబడిన నూలు చీర. అది అమ్మమ్మదని అవ్వ చూడగానే గుర్తుపట్టింది. అత్తమ్మ దాన్ని మడతలు పెట్టి నీళ్లు వడగట్టింది. తర్వాత అడవిలో దొరికే చిల్లగింజ ఒకటి తీసి కుండ లోపల గోడలకు అరగదీసి, ఆ నీళ్లు పోసి కదలకుండా పెట్టింది. మేం అన్నాలు తినేసరికి మట్టంతా అడుక్కి దిగింది. పైన నీళ్లు తేటగా మెరుస్తున్నాయి. మామ గ్లాసు ముంచబోయాడు.

బాపు ఆయన చెయ్యి పట్టుకున్నాడు. "తేటగుంటె మంచియైనట్టేనా బావా? మీ అక్క తాగినయి గూడ తేటగనే ఉండె."

ఆ మాటకు అత్తమ్మ నవ్వు ఆగిపోయింది. అవ్వ వైపు చూసింది. అవ్వ తన చేతి నీళ్లు ముట్టనిది అలిగి కాదని, భయంతోనని అప్పుడు అర్థమైందనుకుంటాను. తేట నీళ్లు గిన్నెలోకి వంచి, పొయ్యిలో కట్టెలు ఎగదోసింది. పక్కన బాపు నిలబడ్డాడు.

"తియ్యొచ్చునా అన్నా?"

"జర ఆగు చెల్లె. గా నీళ్ల బుగ్గలు పెద్దగ రానీ."

కాగిన నీళ్లు మూతపెట్టి చల్లార్చారు. అవి చప్పగా ఉంటాయని అత్తమ్మ కడిగిన గిన్నెల్లో అటూ ఇటూ తిరగబోసింది. చెంబును కూడా మసిలే నీళ్లతో కడిగింది. నీళ్లు నింపుకుని గడప దగ్గరికి వచ్చి నిలబడింది.

"వదినె, జర బయటికి పోయి మళ్ల రా," అంది.

అవ్వ వాకిట్లోకి దిగి, కొత్తగా వచ్చినదానిలా మళ్లీ గడప దగ్గరికి వచ్చింది. అత్తమ్మ చెంబు అందించింది. అవ్వ ఎత్తిన చెంబు దించకుండా తాగింది. బాపు పొయ్యి పొగ అంటూ కండువాతో కళ్లు తుడుచుకున్నాడు. పొయ్యి ఎప్పుడో ఆరిపోయింది.

మర్నాడు పిల్లగాని తరఫువాళ్లకు అవే నీళ్లు. పెళ్లి కూడా బాగా జరిగింది.

ఇప్పుడు అత్తమ్మే ఫోన్ చేస్తుంది. మొన్న చేసి, "పొయ్యి మీద నీళ్లు పెట్టిన, బయలెల్లుండ్రి," అంది. జీపు ఎక్కాక అవ్వ సంచి తడిమి చూసి కంగారు పడింది.

"సీసా మర్సిపోయినవా ఏంది?"

"మర్సిపోలే," అన్నాడు బాపు, కిటికీలోంచి బయటికి చూస్తూ. "ఇంట్లనే పెట్టొచ్చిన. మీ పుట్టింటికేనాయె పోతున్నం."