మావాడి బండి, నా పేరు

ఆరోజు పాలకొల్లులో బస్సెక్కగానే నా స్నేహితుడు ఫోన్ చేశాడు. "నీ క్రెడిట్ స్కోరు బాగుంది కదరా, బండి నీ పేరు మీద తీసెయ్. వాయిదాలు నేను కడతా."

"సరేరా," అన్నాను.

పక్క సీట్లో నా వయసువాడే ఒకడు, అప్పట్నించీ నన్నే చూస్తున్నాడు. నా మాటలు వీడికెందుకు? పర్సు ముందు జేబులోకి మార్చాను. మాటిమాటికీ మోగుతున్న తన ఫోన్ ఎత్తకుండా ఒళ్లో బోర్లా పెట్టుకోవడంతో అనుమానం ఇంకా పెరిగింది.

పెనుగొండలో లేస్తూ అన్నాడు: "ఈ ఫోన్లన్నీ మా ఫ్రెండు బండి వాయిదాల కోసమండి. నా పేరు మీద తీశాను, వాడు కట్టట్లేదు. స్కోరు పోయింది. షాపు పెట్టుకుందామంటే ఏ బ్యాంకూ లోన్ ఇవ్వట్లేదండి."

ఇదో కొత్త రకం మోసమేమోనని పర్సు తడిమి చూసుకున్నాను. అతను దిగిపోయాడు.

బస్సు కదిలాక మావాడు మళ్లీ ఫోన్ చేశాడు. మోగుతుండగానే దాన్ని ఒళ్లో బోర్లా పెట్టుకున్నాను.